జీపుకి అడ్డం నిలబడ్డ రోజు

ఆ రోజుల్లో అమెరికాలో నాకు భయం వేయనిది ఏదైనా ఉందా అంటే ఆలోచించి చెప్పాలి. ఎస్కలేటరన్నా, పక్కింటి కుక్కన్నా, ఫోన్లో ఇంగ్లీషన్నా గుండె దడే. అలాంటిదాన్ని, డెన్వర్‌లో నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబ్‌లోని పెద్దావిడ ఒక శనివారం కొండెక్కిస్తానంది. ఆవిడకి మొక్కలంటే ప్రాణం. ఇంట్లో మేం ‘మొక్కలావిడ’ అనే అనుకునేవాళ్ళం. అది పంతొమ్మిదివందల ఎనభై ఒకటో, ఎనభై రెండో. చెట్లు కూడా మొలవనంత ఎత్తున పచ్చికబయళ్ళున్నాయట, జీపులవాళ్ళు దారి వదిలేసి వాటిని తొక్కించేస్తున్నారట, అటవీ శాఖ ఇచ్చిన బోర్డు పాతడానికి మనుషులు కావాలట. కాదనడానికి భయపడి సరేనన్నాను.

మా ఆయన ప్యాంటు తాడుతో బిగించుకుని (నాకంటూ ప్యాంటు అప్పటికి లేదు) ఆయన వెనకాలే మూడు గంటలు ఎక్కాను. “ఎలుగుబంటి వస్తే ఏం చేయాలండీ?” అని దారిలో అడిగితే, “దాని మూడ్‌ని బట్టి డిసైడ్ చేద్దాంలే” అన్నారు మా ఆయన. ఆ తరవాత ఆకు కదిలినా ఆయన చొక్కా పట్టుకున్నాను.

పైకి చేరాక మాత్రం కాసేపు భయం మరిచిపోయాను. చీలమండ దాటని పూలు, నీలం, పసుపు, కనుచూపు మేర. వాటి నడుమ రెండు చక్రాల చాళ్ళు నల్లటి బురదతో నిండి ఉన్నాయి. ఆ బురదని తప్పించుకోబోయి ఎవరో పక్కనుంచి ఇంకో జత చాళ్ళు దున్నారు. “ఇక్కడ వేసవి కొన్ని వారాలే. ఈ గాయం నేనుండగా మానదు” అంటూ మొక్కలావిడ పెళ్ళగిలిన గడ్డని పుండు తడిమినట్టు తడిమింది. అడ్డం పెట్టడానికి దుంగలు తెస్తామని, బోర్డు నా చేతికిచ్చి, ఆవిడా, మా ఆయనా దిగువనున్న చెట్లవైపు వెళ్ళారు.

అయిదు నిమిషాలు కాలేదు, కింది మలుపులో ఇంజిన్ రొద. జీపు నేరుగా నా మీదికే వస్తోంది. పరిగెడదామనుకున్నాను. కాళ్ళు రాలేదు. భయంతో అనుకున్నాను గానీ, చూస్తే రెండు బూట్లూ బురదలో దిగబడి ఉన్నాయి. బోర్డుని కౌగిలించుకుని కళ్ళు మూసుకున్నాను. మా అమ్మకి ఈ కబురు ఎవరు చెబుతారా అనిపించింది.

జీపు రెండు బారల దూరంలో ఆగింది. గడ్డం మనిషి ఒకడు దిగి, “లేడీ, పక్కకి జరుగు” అన్నాడు. ఆ క్షణాన నాకొచ్చిన ఇంగ్లీషంతా ఎగిరిపోయింది. “అయ్యా, నీకు పుణ్యముంటుంది, తొక్కించకు, కాళ్ళు రావట్లేదు, మా ఆయన ఇక్కడే ఉన్నారు” అని గుక్క తిప్పుకోకుండా తెలుగులో మొదలెట్టాను. భయంలో నా గొంతు అరుపైపోతుంది. అతను బోర్డు చదివాడు, నన్ను ఎగాదిగా చూశాడు, రెండు చేతులూ పైకెత్తాడు. “ఓకే మేడమ్, ఓకే. ఇటు రాకూడదని తెలీదు.” వచ్చిన చాళ్ళలోనే వెనక్కి పోనిచ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

మొక్కలావిడ వగరుస్తూ వచ్చి నన్ను కావలించుకుంది. మా ఆయన వంగి నా కాలు పీకుతూ మెల్లిగా, “స్టాండ్ తీసుకున్నావా, స్టక్ అయ్యావా?” అన్నారు.

“మీరు నోరు మూసుకుని లాగండి” అన్నాను.

సోమవారానికి ల్యాబంతా నేను వీరనారిని. కొన్నేళ్ళకి ఆవిడ రిటైరైనప్పుడు, పార్టీలో ఇక నిజం ఒప్పేసుకుందామని లేచాను. ఈలోగా ఆవిడే అందుకుంది. “ఆ రోజు జీపుని చూసి నేను చెట్టు చాటున దాక్కున్నాను. ఈ పిల్ల కదలకుండా నిలబడటం చూసి సిగ్గుపడి బయటికొచ్చాను. అప్పట్నించీ ఏ జీపుకీ భయపడలేదు” అంది, కళ్ళు తుడుచుకుంటూ.

నేను మళ్ళీ కూర్చుని కేకు తిన్నాను. ఇప్పటికీ ఎవరైనా నన్ను ధైర్యస్థురాలంటే, బురదలో కళ్ళు మూసుకుని నిలబడ్డ ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తుంది. దానికి కాస్త ఇంగ్లీషు, పొడినేల దొరికుంటే, ఆ పూలు ఏమయ్యేవో.