పందొమ్మిదేళ్ళ డ్యూటీ

పక్కింటి గ్యారేజీలో ఎవరో పాత రికార్డు పెట్టారు. పాట మొదలయ్యే ముందు వచ్చే ఆ చిటపట, మూకుట్లో ఆవాలు వేగుతున్నట్టుండే ఆ చప్పుడు, కంచె దాటి మా పెరట్లోకి వచ్చింది. శనివారం మధ్యాహ్నం. అమెరికా పడమటి తీరంలోని మా డబ్లిన్‌లో ఎండ మండిపోతోంది, నేను కరివేపాకు మొక్కకు నీళ్ళు పెడుతున్నాను. చిటపట తర్వాత ఒక ఆడగొంతు, బొంగురుగా, తొందరేమీ లేకుండా. పాట నాకు తెలియదు. అయినా గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కుండీ నిండి నీళ్ళు నా చెప్పుల మీదికి వచ్చాక గానీ తెలివి రాలేదు. అనసూయ గారు పోయి రెండేళ్ళయింది. ఆవిడ ఇంట్లో శనివారాలు ఇలాగే మొదలయ్యేవి.

డాక్టర్ అనసూయ గారిని మీరెవరూ ఎరగరు. పేరున్న మనిషి కాదు. తెనాలిలో పుట్టి, గుంటూరులో వైద్యం చదివి, డెబ్భైల మొదట్లో చికాగో వచ్చి, చివరికి మా పక్క ఊరు శాన్ రామన్‌లో స్థిరపడిన మత్తు డాక్టరు. తెల్లటి పొట్టి జుట్టు, నేత చీర, దాని కింద తెల్ల స్నీకర్లు. "నలభై ఏళ్ళు జనాన్ని నొప్పి తెలీకుండా పడుకోబెట్టాను, ఇప్పుడు రిటైరై లేపుతున్నాను" అనేవారు. ఆవిడ లేపినవాళ్ళలో నేనొకణ్ణి. ఆ లేపడం సుకుమారంగా జరిగిందని మాత్రం చెప్పలేను.

2008 చివర్లో నా భార్య మాధవి నన్ను వదిలి వెళ్ళిపోయింది. ఈ వాక్యం ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ అప్పుడు ఎనిమిది నెలలపాటు నా నోట రాలేదు. మొదట, పెదనాన్న కూతురి పెళ్ళికి ఇండియా వెళ్ళిందన్నాను. పెళ్ళి ఎన్నాళ్ళు సాగుతుంది? తర్వాత వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుందన్నాను. ఇది బ్రహ్మాండంగా పనిచేసింది. మా వాళ్ళలో భార్య వదిలేసిందంటే వంద ప్రశ్నలు వస్తాయి, స్టాంపింగ్ ఆగిందంటే ఒక్కటీ రాదు. అందరూ అయ్యో అన్నారు. నా స్నేహితుడు నరేందర్ తన వీసా పనులు చూసే అటార్నీతో అరగంట మాట్లాడి, ఏ కాగితాలు పంపాలో పట్టీ రాసి తెచ్చాడు. నేను ఆ పట్టీని శ్రద్ధగా చదివి థాంక్స్ చెప్పాను. మాధవి అప్పుడు ఆస్టిన్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. మా ఇంటి గడియారానికీ ఆమె గడియారానికీ మధ్య ఉన్నది రెండు గంటల తేడా.

నరేందర్ వాళ్ళింట్లో రెండు నెలలకోసారి ఆదివారం మధ్యాహ్నం పదిమందిమి కలిసి కథలో కవితలో చదువుకునేవాళ్ళం. సాహిత్యం ఎంతో తెలియదు గానీ పులిహోర మాత్రం నికరంగా ఉండేది. ఒకసారి నేను విరహం మీద కవిత చదివాను. వెన్నెల కత్తిలా దిగడం, మేఘం గొంతులో అడ్డుపడటం, శిశిరం, ఒంటరి తీరం, అన్నీ ఉన్నాయి అందులో. చదువుతుంటే నా గొంతు నిజంగానే వణికింది. వణుకును కూడా జనం కవిత్వం ఖాతాలోనే వేశారు. చప్పట్లు కొట్టారు.

"ఏందన్నా, వదిన ఊరికి పోతేనే గింత బాధనా?" అన్నాడు నరేందర్. "లావణ్యా, జర నేర్చుకో. నువ్వు పోతే నేను గిట్ల రాస్తనా?"

"నువ్వు పిజ్జా ఆర్డర్ చేస్తవ్," అంది అతని భార్య లావణ్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎలా నవ్వానో నాకిప్పటికీ గుర్తుంది, గుర్తొస్తే అసహ్యం వేస్తుంది.

అనసూయ గారు మాత్రం నవ్వలేదు. సింకు దగ్గర ప్లేటు కడుగుతుంటే పక్కకు వచ్చి నిలబడ్డారు.

"మీ ఆవిడ ఏ ఊళ్ళో ఉంది శ్రీధర్?"

"విజయవాడలో ఆంటీ."

"నరేందర్‌తో గుంటూరన్నావుట?"

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకపోయినా వాళ్ళ మేనమామ ఊరు, అక్కడి నుంచి దూరం, బస్సు సౌకర్యం అన్నీ చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "అబద్ధమాడినా అతికినట్టుండాలి నాయనా. ఆ సబ్జెక్ట్‌లో నేను పీహెచ్‌డీ చేశాను. శనివారం ఇంటికి రా, కాఫీ ఇస్తాను."

వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. ఇంట్లో మాట్లాడే మనిషి లేనప్పుడు కాఫీ అన్న మాటకు చాలా బలం ఉంటుంది.

ఆవిడ ముందుగదిలో టీవీ లేదు. గోడ పొడవునా రికార్డులు, ఒక ప్లేయరు, రెండు కుర్చీలు. గ్లాసుతో డికాక్షన్ కాఫీ చేతికిచ్చి, ఒక రికార్డు పెట్టారు. బ్లూస్ అంటే అప్పటిదాకా నాకు బార్లలో వినిపించే గిటారు మోత. అర్థం కాలేదు, ఇంగ్లీషు మాటలు కూడా సరిగా అందలేదు. ఆవిడే తెలుగులో చెప్పుకుంటూ పోయారు. "మా ఆయన టోపీ మేకుకి లేదు, అంటోంది. మళ్ళీ అదే అంటోంది చూడు, మా ఆయన టోపీ మేకుకి లేదు. ఇప్పుడు మూడోది విను. మేకు మాత్రం అక్కడే ఉంది, దాన్ని చూస్తూ కాఫీ తాగాను, అంటోంది."

"అంతేనా?" అన్నాను.

"అంతే. ఇంకేం కావాలి? నీ కవితలో వెన్నెలుంది, మేఘం ఉంది, సముద్రం కూడా ఉంది. మాధవి ఏదీ?"

 ఆవిడ మత్తిచ్చే ముందు పేషెంటును అడిగినట్టు, తాపీగా ఒక్కొక్కటే అడిగారు. ఏ రోజు వెళ్ళింది? ఏం తీసుకెళ్ళింది? ఏం వదిలేసింది? మంగళవారం వెళ్ళిందన్నాను. రెండు సూట్‌కేసులు తీసుకెళ్ళింది, మూడో చిన్నదాన్ని చక్రం ఊడిందని వదిలేసింది. కుక్కర్ రబ్బరు మార్చి వెళ్ళింది.  వెళ్ళిపోయే మనిషి కుక్కర్‌కి కొత్త రబ్బరు ఎందుకు వేస్తుందండీ? ఎనిమిది నెలలుగా ఆ వంటింట్లో నిలబడి నేను అడుగుతున్న ప్రశ్న అది. వెన్నెల గురించి నాకు ఏనాడూ ఏ ప్రశ్నా లేదు.

"అదీ పాటంటే," అన్నారావిడ మెల్లగా. తర్వాత ఆవిడ చిన్నప్పటి సంగతి చెప్పారు. వాళ్ళ నాయనమ్మ పోయినప్పుడు మేనత్తలు వాకిట్లో కూర్చుని రాగం తీసి ఏడ్చారట. నాయనమ్మ కుట్టించిన పట్టుపావడా, దాచిపెట్టి ఇచ్చిన జున్నుముక్క, కాన్పుకొస్తే కాళ్ళకు రాసిన నూనె, ఒక్కొక్కటే పేరు పెట్టి పిలిచి ఏడ్చారట. "మనకీ ఉండేది శ్రీధర్ ఈ విద్య. చదువుకున్నాం, సిగ్గొచ్చింది. ఇప్పుడు ఎవరన్నా పోతే స్లైడ్ షో వేసి, సమోసాలు తిని వచ్చేస్తున్నాం."

మూడో శనివారమో నాలుగోదో, నేను అడగకుండానే ఆవిడ తన సంగతి చెప్పారు. ఆవిడ భర్త కూడా డాక్టరే, కాలేజీలో ఒక సంవత్సరం పైవాడు. చికాగోలో ఉండగా ఒహాయోలో కాన్ఫరెన్స్ ఉందని వెళ్ళి, అక్కడే మరొకామెతో ఉండిపోయాడు. ఈవిడ ఆస్పత్రికి మామూలుగానే వెళ్ళేది. ఎవరడిగినా, ఆయన డ్యూటీలో ఉన్నారని చెప్పేది. అక్కడ వార్డులు తుడిచే బెర్నీస్ అనే నల్లజాతి స్త్రీ పని చేస్తూ ఎప్పుడూ ఏదో పాడుకుంటూ ఉండేదట. ఒకరోజు ఆమె కూడా, మీ ఆయనేడీ డాక్టరమ్మా అని అడిగింది. ఈవిడ అలవాటుగా, డ్యూటీలో ఉన్నారంది.

"చీపురు పక్కన పెట్టి నన్ను చూసి ఒక్క నవ్వు నవ్వింది శ్రీధర్. ఈ ఫ్లోర్ తుడిచేది నేనమ్మా, ఎవరు డ్యూటీలో ఉన్నారో నాకు తెలీదా, అంది."

ఆ ఆదివారం బెర్నీస్ ఈవిడను తన అన్నగారింటికి తీసుకెళ్ళింది. నేలమాళిగలో నలుగురు పాడుకుంటుంటే, పాట మధ్యలో బెర్నీస్ ఈవిడ వైపు చూసి, ఇప్పుడు నువ్వు చెప్పు అందట. ఈవిడ పాడలేదు, మామూలుగా మాటల్లోనే చెప్పింది. గిటారు వాయించేవాడు ఆపకుండా వాయిస్తూనే ఉన్నాడట. "నేనేడుస్తుంటే ఎవరూ ఊరుకోమనలేదు. నాకది కొత్త. మన దగ్గర ఏడ్చేవాళ్ళని ముందు నోరు మూయిస్తారు."

"మరి మనవాళ్ళకి ఎప్పుడు చెప్పారాంటీ?"

ఆవిడ రికార్డు అట్ట తిప్పి చూశారు. "బెర్నీస్‌కి ఆర్నెల్లలో చెప్పాను. మనవాళ్ళకి చెప్పడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది. పందొమ్మిదేళ్ళు ఆయన్ని డ్యూటీలోనే ఉంచాను. పెళ్ళిళ్ళకీ, పుట్టినరోజులకీ ఒక్కదాన్నే వెళ్ళి, పాపం ఆయనకి సెలవు దొరకలేదని చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ చివరికి ఆయన కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. అదే పెద్ద తప్పు. పోయిందని ఒప్పుకున్నవాళ్ళకి బెంగ ఉంటుంది, బెంగతో బతకొచ్చు. నేను బెంగ కూడా పెట్టుకోలేదు, పిచ్చిదానిలా పొయ్యి మీద అన్నం ఉంచాను." తర్వాత నా వైపు తిరిగారు. "నీకు ఎనిమిది నెలలే అయింది. చెప్పు."

"మేము సెపరేట్ అయ్యాం ఆంటీ," అన్నాను.

"అది లాయరు చెప్పే మాట. తెలుగులో చెప్పు."

"మాధవి నన్ను వదిలి వెళ్ళిపోయింది."

"మళ్ళీ."

"మళ్ళీ ఎందుకండీ?"

"మొదటిసారి ఎదుటివాళ్ళ కోసం చెప్తాం. రెండోసారి మన చెవిన పడటానికి."

మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం నిజంగానే వేరు. ఆ మాట గదిలో నిలబడింది, నేను దాన్ని విన్నాను. మూడోది చెప్పమన్నట్టు ఆవిడ ఊరికే చూస్తున్నారు. మూడోది నేను ఆలోచించి చెప్పలేదు. "వెళ్తానని మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను."

అప్పటిదాకా నన్ను నేను దగాపడ్డవాడిగానే చూసుకున్నాను. ఎనిమిది నెలలు నేను దాచింది మాధవి వెళ్ళడాన్ని కాదని ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసింది. చెవికి హెడ్‌సెట్ పెట్టుకుని, చేత్తో ఒక్క నిమిషం అన్నట్టు సైగ చేసి, మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగిన మనిషిని దాచాను. అనసూయ గారు ఓదార్చలేదు. రికార్డు తిరగేసి, రెండో వైపు పెట్టారు. ఆవిడ ముందు ఆ మధ్యాహ్నమంతా ఏడ్చాను.

ఆ వారమే నరేందర్‌కి చెప్పాను. మాధవి వెళ్ళినందుకు అతను నొచ్చుకున్నాడు గానీ, అటార్నీ సంగతి గుర్తొచ్చేసరికి మొహం ఎర్రబడింది. "ఎనిమిది నెలలు నన్ను పిచ్చోన్ని చేసినవ్ గదన్నా. నా ముంగట గూడ ఏడ్వరాదా?" అని ఫోన్ పెట్టేశాడు. రెండు నెలలు మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు పప్పుచారు డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మాధవికి ఉత్తరం రాశాను. క్షమించమని, నీ మాట ఇప్పుడు విన్నానని రాశాను. ఆమె జవాబు మర్యాదగా, చిన్నగా వచ్చింది. తిరిగి రాలేదు. ఆ తర్వాత అక్కడే వేరే పెళ్ళి చేసుకుందని తెలిసింది. నిజం చెప్తే పోయినవాళ్ళు తిరిగొస్తారని అనసూయ గారు నాకెప్పుడూ చెప్పలేదు.

ఆవిడ పోయే ముందు వారం ఆస్పత్రిలో కలిశాను. నొప్పి ఎలా ఉందాంటీ అంటే, "నేనిచ్చేంత బాగా ఇవ్వట్లేదు వీళ్ళు మత్తు" అని గొణిగారు. ఆవిడ రికార్డులన్నీ మేనకోడలు పట్టుకెళ్ళింది. అన్ని శనివారాల్లోనూ ఆవిడ గొంతును ఒక్కసారైనా నా ఫోన్‌లో రికార్డు చేసుకోవాలని నాకు తోచలేదు. చేసుకుని ఉంటే బావుండేదని ఇప్పుడు చాలా అనిపిస్తుంది. ఆవిడతో చెప్పుకోవలసినవి ఇంకా వస్తూనే ఉన్నాయి.

పోయిన నెల నరేందర్ కూతురి పుట్టినరోజుకి వెళ్ళాను. భోజనాల దగ్గర నా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. తూర్పు తీరాన పిస్కాటవేలో మందుల కంపెనీలో సైంటిస్టుగా చేసి రిటైరై, చెల్లెల్ని చూడటానికి వచ్చారట. మంచి చీర, మంచి మాట, చక్కటి నవ్వు. మాటల్లో, ఒక్కడే కొడుకనీ, సియాటిల్‌లో చాలా పెద్ద జాబ్ అనీ, క్షణం తీరిక ఉండదనీ చెప్పారు.

"మీ మిసెస్ రాలేదా బాబూ?" అన్నారు.

"లేదండీ. నన్ను వదిలి వెళ్ళిపోయింది. ఏడేళ్ళవుతోంది. తను చెప్తుంటే నేను వినలేదు. ఇప్పటికీ తనంటే బెంగే."

ఆవిడ చేతిలో ముద్ద ఆగిపోయింది. అయ్యో అంటారనుకున్నాను, సంబంధాలేమైనా చూస్తున్నారా అంటారనుకున్నాను. ఆవిడ అటూ ఇటూ చూశారు. చెల్లెలు దూరంగా కేక్ కోస్తున్నచోట ఉంది.

"మావాడు మాతో మాట్లాడి మూడేళ్ళైంది బాబూ," అన్నారు చిన్న గొంతుతో. "సియాటిల్ అని నేనే చెప్తాను. వాడు ఎక్కడున్నాడో నాకు తెలీదు."

నేను ప్లేటు కింద పెట్టి, కుర్చీ ఆవిడ వైపు తిప్పుకుని కూర్చున్నాను.

"మళ్ళీ చెప్పండమ్మా," అన్నాను.