మా మేనత్త ఆరబెట్టిన పట్టు

మొన్న మంగళవారం పొద్దున గద్వాలలో మా మేనత్త పోయింది. శవం దగ్గర ఏడ్చినవాళ్లు తక్కువ. నేనూ ఏడవలేదు.

చిన్ననాడే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. మా మగ్గాల పట్టు, జరీ అంతా ఆమె చేతిలోనే ఉండేది. తూచి ఇచ్చేది, నేసిన చీరను తూచి తీసుకునేది. తేడా వస్తే నా భార్యను కొంగు విప్పి చూపమనేది. ఆ అవమానాన్ని నేను మరవలేదు.

ఒక వానాకాలం ఆమెకు జ్వరమొస్తే, మాకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారి దగ్గరికి నేను పోయాను. గుమాస్తా ముందే తూచి పెట్టానన్నాడు. నమ్మి చిట్టీ మీద దస్కతు పెట్టాను. నేసిన చీరలు ఇచ్చిన రోజు, తెచ్చిన పట్టుకన్నా తూకం తగ్గింది.

"దస్కతు నీదా, కాదా? గంతే చెప్పు. పట్టు ఏడ అమ్ముకున్నవో నీకే ఎరుక" అన్నాడు సావుకారి. మగ్గం జప్తు చేయించాలని కచేరిలో దావా వేశాడు. కులపోళ్లు మా ఇంటికి రావడం మానేశారు.

మేనత్త నడివీధిలో, నా భార్య ముందు, నా చెంప పగలగొట్టింది. "చూడక పెట్టిన దస్కతు మెడకు ఉరిరా! తరాజు ఎత్తనీకి చేతులు పడిపోయినయా?"

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆ రోజు నుంచి మేనత్తతో మాట్లాడలేదు.

ఇంట్లో ఆ పట్టులోనే విప్పని లడి, పోగుల కట్ట, ఒకటి మిగిలి ఉంటే ఆమె తూచి చూసింది. అదీ తక్కువే. పట్టు ఎంత తేమ తాగినా చేతికి తడి తగలదు. సావుకారి తేమ పట్టించి తూస్తున్నాడని ఆమెకు అర్థమైంది. కానీ ఆ లడి చూపిస్తే, పోగులు మేమే లాగామంటాడు.

అందుకే కచేరిలో మున్సబు ముందు చేతులు జోడించి, "దొరా, మా ఇంటి పట్టు వద్దు. మీ జవానును తోలి ఆయన దుకాణంల తూచిపెట్టిన లడి తెప్పియ్యుండ్రి. గిక్కడ ఎండలెయ్యుండ్రి. పొద్దు తిరిగినంక తూచుండ్రి" అంది.

"ముండమోపికి కచేరిల ఏం పని?" అని సావుకారి కేకలేశాడు. ఆమె అతని వైపు తిరగనైనా లేదు.

జవాను తెచ్చిన లడి ఇరవై తులాలు సరిగ్గా తూగింది. ఎండలో ఆరాక పద్దెనిమిదే. మా మీద మోపిన లోటూ ఆ లెక్కనే తేలింది. మున్సబు దావా కొట్టేశాడు. ఆ తర్వాత గద్వాలలో నేతగాళ్లెవరూ ఆరబెట్టకుండా పట్టు తీసుకోలేదు. ఈ సంగతి చెప్పుకునేటప్పుడు మాత్రం ఆమె పేరెత్తినవాళ్లు లేరు.

నేను కాళ్లు మొక్కబోతే మేనత్త తోసేసింది. "దొంగవు గాదని తేలింది. ఎడ్డోనివి గాదని తేలలే."

తెలివిలేనివాణ్ణన్న ఆ మాట నన్ను చెంపదెబ్బకన్నా ఎక్కువ కోసింది. ఆమె బతికినన్నాళ్లూ నన్ను పట్టు ముట్టనివ్వలేదు. ఈ రోజు నాకు మగ్గం ఉందంటే ఆమె వల్లనే. అయినా కోపం పూర్తిగా పోలేదు.

దావా కొట్టేసిన సాయంత్రం కచేరి మెట్ల మీద కూర్చుని ఆమె జొన్నరొట్టె సగం తిని, మిగిలింది గుడ్డలో మూటగట్టబోయింది. ముడి పడలేదు. మళ్లీ వేసింది, మళ్లీ జారింది. పొద్దంతా ఆమె ఎంత భయపడిందో అప్పుడు తెలిసింది. నేను పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. పోయి ఆ ముడి వేయలేదు.