పచ్చబట్ట మీద నా పని

మా నాన్న సీట్లు కుట్టేవారు. బస్సు సీట్లు, సోఫాలు, డాక్టర్ల గదుల్లో రోగులు పడుకునే బల్లలు, ఏలూరులో ఏది చిరిగినా మా కొట్టుకి వచ్చేది. ఊళ్ళో ప్లీడర్లు, ఆఫీసర్లు వెళ్ళే ఒక క్లబ్బులో స్నూకర్ టేబుల్ ఉండేది. దాని మీద పరిచిన పచ్చబట్ట అరిగిపోయినప్పుడల్లా నాన్నకి కబురు వచ్చేది. ఆ పని ఆయనకి ఎవరూ నేర్పలేదు. మొదటిసారి పాత బట్ట విప్పుతూ ఏ మేకు ఎక్కడుందో చూసుకుని, కొత్తది అలాగే బిగించారు. తర్వాత అదే అలవాటైపోయింది.

నేను వట్లూరులో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండగా ఒక ఆదివారం నాన్న దగ్గర పనిచేసే మనిషికి జ్వరం వచ్చింది. బట్ట రెండో కొస పట్టుకోవడానికి నన్ను క్లబ్బుకి తీసుకెళ్ళారు. పన్నెండడుగుల టేబుల్. కింద రాతి పలకలు, పైన ఉన్నిబట్ట. బిగించడం అయ్యాక నాన్న నా చెయ్యి పట్టుకుని బట్ట మీద రాయించారు. ఒకవైపు నున్నగా జారింది. వెనక్కి రాస్తే గరుగ్గా తగిలింది.

"దీనికి నూగు ఉంటుందమ్మా. అది ఇటు నుంచి అటు వాలి ఉంటుంది. ఇస్త్రీ కూడా అటే చెయ్యాలి. తిరగేసి చేశామంటే బట్ట పాడైపోద్ది."

పని చూడ్డానికి వచ్చిన సెక్రటరీగారు బంతులు సరిగ్గా దొర్లుతున్నాయో లేదో చూడమన్నారు. నాన్న ఎన్నడూ క్యూ పట్టి ఎరగరు. ఆ కర్ర నా చేతికిచ్చి "నువ్వు కొట్టమ్మా" అన్నారు. వంగి కొట్టాను. ఎర్రబంతి మూల పాకెట్‌లోకి వెళ్ళి పడింది. ఆ చప్పుడు నాకు ఎంత నచ్చిందంటే, అక్కడే, అప్పుడే సెక్రటరీగారిని అడిగేశాను, నేను కూడా వచ్చి ఆడుకోవచ్చా అని.

ఆయన నాతో కాకుండా నాన్నతో అన్నారు. "ఆడవాళ్ళకి ఇక్కడ మెంబర్‌షిప్ లేదండీ. ఏడాదికోసారి ఫ్యామిలీలు వస్తారు, అప్పుడు తీసుకురండి."

నాన్న నన్ను సైకిల్ ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చేశారు. రెండు వారాల తర్వాత అన్నం తింటూ, "గూడెంలో రెండు టేబుళ్ళకి బట్ట మార్చాలి. వస్తావా?" అన్నారు.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ పక్కన ఒక వ్యాపారుల కుటుంబానికి కిరాణా కొట్టు ఉండేది. ఆ ఇంటాయన కొట్టు పైగదిలో రెండు టేబుళ్ళు వేయించి కుర్రాళ్ళు ఆడుకునే పార్లర్ పెట్టాడు. పెట్టిన రెండేళ్ళకి ఆయనకి పక్షవాతం వచ్చింది. అప్పటినుంచి ఆయన భార్యే మెట్లెక్కి వచ్చి పార్లర్ చూసుకునేది. ఆవిడని నేను పిన్నిగారని పిలిచేదాన్ని. నాన్న బట్ట బిగిస్తున్నంతసేపూ ఆవిడ నన్ను గమనిస్తూనే ఉంది.

"ఆడాలనుందా?" అంది.

"అవునండి."

"మగపిల్లలు పదిన్నరకి గానీ రారు. ఏడింటికల్లా రాగలిగితే పదింటి దాకా నీదే. నాకు ఆట రాదమ్మా. కానీ రూల్స్ పుస్తకం చదివాను."

నిజంగానే చదివింది. ఏలూరులో పొద్దున్న పాసింజర్ ఎక్కి నేను గూడెంలో దిగేసరికి పిన్నిగారు కాఫీ గ్లాసు, ఆ పుస్తకం పట్టుకుని కుర్చీలో కూర్చుని ఉండేది. దూరంగా ఉన్న బంతి కోసం నేను టేబుల్ మీదికి ఎగబాకితే, "కాలొకటి నేల మీద ఉండాలటమ్మా!" అని అరిచేది. తప్పు చేస్తే మొహమాటం లేకుండా పాయింట్లు తీసేసేది. నాకు పొడుగు తక్కువ. అందుకని కర్రకి ఊతగా పెట్టుకునే రెస్ట్‌తో ఆడడం మిగతావాళ్ళకంటే ముందే నేర్చుకోవలసి వచ్చింది. ఇంటర్ అయ్యాక డిగ్రీకి ప్రైవేటుగా కట్టాను. దాదాపు మూడేళ్ళు ఆ రైలు తప్పలేదు. రంజాన్ నెలలో ఉపవాసంతోనే వెళ్ళేదాన్ని. ఆ నెల పిన్నిగారు నా ఎదుట కాఫీ తాగేది కాదు. వద్దన్నా వినేది కాదు.

అమ్మకి ఇదంతా ఇష్టం లేదు. మా మేనత్త ఒకసారి ఇంటికొచ్చి, "మగాళ్ళ మధ్య వంగి ఆడే ఆటేంటి వదినా?" అంటే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నన్ను ఆపలేదు. ఎలా ఆడావనీ ఒక్కరోజూ అడగలేదు.

నా మొదటి టోర్నమెంట్ హైదరాబాద్‌లో. రాష్ట్రం మొత్తానికి పోటీకొచ్చిన ఆడవాళ్ళం ఆరుగురం. మొదటి మ్యాచ్‌లోనే, గెలవాల్సిన విడతలో, అంటే ఫ్రేమ్‌లో, నేను వంగినప్పుడు జడ భుజం మీంచి జారి నల్లబంతికి తగిలింది. రిఫరీ ఫౌల్ అన్నాడు. ఏడు పాయింట్లు ఎదుటి అమ్మాయికి వెళ్ళాయి. ఆ తర్వాత సులువైన బంతులు కూడా వెయ్యలేకపోయాను. మ్యాచ్ పోయింది. రైల్లో వస్తున్నంతసేపూ నాన్న కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నారు, నేను ఏడవడం చూడనట్టు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే అమ్మ చేస్తున్న పని ఆపింది.

"జడ తగిలితే ఏడు పాయింట్లా?"

"నల్లబంతికి తగిలితే ఏడు."

మర్నాడు పొద్దున్న నన్ను కూర్చోబెట్టి జడ అల్లి, తల వెనక గట్టిగా చుట్టి, ఉన్న పిన్నులన్నీ గుచ్చింది. నాన్న బట్టలు కత్తిరించే బల్ల దగ్గరికి తీసుకెళ్ళి "ఇప్పుడు వంగు" అంది. వంగాను. "తల ఊపు." ఊపాను. ఒక వెంట్రుక జారితే మళ్ళీ విప్పి మొదలుపెట్టింది. చున్నీ నడుముకి ఎలా బిగించాలో కూడా ఆవిడే కనిపెట్టింది. ఆ రోజు నుంచి ఏ మ్యాచ్‌కి వెళ్ళినా నా తల అమ్మ దువ్విందే. తర్వాతి ఏడాది రాష్ట్రంలో రెండో స్థానం వచ్చింది. ఆపై ఏడాది మొదటిది.

సరిగ్గా అప్పుడే పార్లర్ మూతపడింది. పిన్నిగారి భర్త పోయారు. మరుదులు ఆ గదిని గోడౌన్ చేసుకుంటామన్నారు. చివరి రోజు పిన్నిగారు ఒక్కతే మెట్ల మీద కూర్చుని ఉంది. రూల్స్ పుస్తకం నా చేతిలో పెట్టి, "నా చేతుల్లో లేదమ్మా. నువ్వు మాత్రం మానకు. ఇంకో టేబుల్ వెతుక్కో" అంది.

వెతుక్కున్నాను. ఏలూరు క్లబ్బు మళ్ళీ కాదంది. చివరికి నాన్నకే గుర్తొచ్చింది. కైకలూరులో ఒక రొయ్యల చెరువుల ఆసామి తన ఐస్ ఫ్యాక్టరీ పక్కన గదిలో టేబుల్ వేయించుకున్నాడు. నాన్న దానికి ఒకసారి బట్ట వేశారు. ఇద్దరం వెళ్ళాం. ఆసామి అరవై దాటిన మనిషి. స్నేహితులతో ఆడుతున్నవాడు నన్ను చూసి నవ్వాడు.

"ఆడతావా? ఓడిపోతే మా మీద కోప్పడకూడదు మరి."

మూడు ఫ్రేములు ఆడాం. మూడూ ఆయన ఓడిపోయాడు. క్యూ గోడకి ఆనించి, మెడలో కండువాతో మొహం తుడుచుకుని, "రేపు కూడా రండమ్మా. ఎప్పుడైనా రండి" అన్నాడు. పొద్దున్న నువ్వు అన్నవాడు సాయంత్రానికి మీరు అన్నాడని బస్సులో నాన్న రెండుసార్లు చెప్పుకున్నారు.

కొల్లేటి గాలికి ఆ టేబుల్ ఎప్పుడూ చెమ్మగా ఉండేది. బంతి బరువుగా దొర్లేది, మెల్లగా కొడితే నూగు వాలిన వైపుకి లాగేసేది. మొదట్లో విసుగొచ్చింది. తర్వాత ఆ లాగుడు ఎంతో కొలవడం మొదలుపెట్టాను. ఒకే బంతిని ఒకే చోట పెట్టి నడిమి పాకెట్‌కి రోజుకి వందసార్లు మెల్లగా కొట్టేదాన్ని. కొల్లేరులో ప్రభుత్వం చెరువు గట్లు కొట్టేసిన ఏడాది ఆసామి చెరువులు సగానికి పైగా పోయాయి. ఇక టేబుల్ కూడా అమ్మేస్తాడనుకుని, ఆ మాట ఎలా అడగాలో తెలియక గుమ్మంలో నిలబడ్డాను.

"ఇది అమ్మితే పోయినవి వస్తాయా అండీ? మీరు ఆడండి" అన్నాడాయన. కుర్చీ లాక్కుని గోడవారగా కూర్చున్నాడు. ఆ ఏడాదంతా చాలా మధ్యాహ్నాలు అలాగే కూర్చుని నా ఆట చూశాడు.

ఆ చలికాలంలోనే జాతీయ పోటీలు ఉత్తరాదిన జరిగాయి. క్వార్టర్ ఫైనల్లో నాకు ఎదురైనామె అంతకుముందే రెండుసార్లు దేశంలో గెలిచిన ఆటగత్తె. చెరి రెండు ఫ్రేములు అయ్యాయి. ఐదోది నల్లబంతి దాకా వచ్చింది. అది ఎవరు వేస్తే వాళ్ళదే మ్యాచ్. ఆమె గురి తప్పింది. నల్లబంతి నడిమి పాకెట్‌కి రెండడుగుల దూరంలో ఆగింది. చూసేవాళ్ళకి సులువు. కానీ గట్టిగా కొడితే క్యూతో కొట్టే తెల్లబంతి కూడా వెనకే పాకెట్‌లో పడి నేనే ఓడిపోతాను. మెల్లగా కొట్టాలి. మెల్లగా కొడితే కొత్తబట్ట నూగు దాన్ని పక్కకి లాగుతుంది.

టేబుల్ చుట్టూ తిరిగి వచ్చాను. పాకెట్ నడిమికి కాకుండా, నూగు వాలిన వైపుకి ఎదురు అంచుకి గురి పెట్టాను. కొట్టగానే ఎవరో "అయ్యో" అన్నారు, తప్పిందనుకుని. బంతి చివరి అరడుగులో కొంచెం కొంచెంగా వాలుతూ వెళ్ళి లోపల పడింది. తల ఎత్తి చూస్తే నాన్న రెండు చేతులతో మొహం కప్పుకుని ఉన్నారు. పడిందని నేనే వెళ్ళి చెప్పాను.

మర్నాడు సెమీఫైనల్లో మూడు ఫ్రేములూ వరసగా ఓడిపోయాను. అయినా దేశంలో మొదటి నలుగురిలో ఒకదాన్నని, ఒక పెద్ద కంపెనీ నన్ను తమ క్రీడాకారిణిగా తీసుకుంది. ఆడడానికే జీతం. మరుసటి ఏడు విదేశంలో పోటీకి పంపుతామన్నారు. పాస్‌పోర్ట్‌కి పెట్టుకున్నాను.

విచారణకి వచ్చిన కానిస్టేబుల్ మా కొట్టు ముందు కుర్చీలో కూర్చుని కాగితం చూశాడు.

"వృత్తి దగ్గర స్నూకర్ ప్లేయర్ అని రాశారు. అది ఆట కదండీ. చేసే పని ఏంటో చెప్పండి, రాసుకుంటాను."

నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి అమ్మ వచ్చింది. ఎప్పుడూ పరాయి మగవాళ్ళతో మాట్లాడని మనిషి.

"అదేనండీ దాని పని. పొద్దున్న వెళ్తుంది, సాయంత్రం దాకా చేస్తుంది. రాసింది రాసినట్టే ఉంచండి."

అతను రాసింది అలాగే ఉంచి నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

విదేశంలో నాలుగు మ్యాచ్‌లాడి ఒకటే గెలిచాను. అక్కడి వాళ్ళు ఎంత ముందున్నారో కళ్ళారా చూశాను. బంతి దూరంగా ఉన్నప్పుడు వాళ్ళ చెయ్యి ఎంత తిన్నగా వెళ్తుందో, నాది ఎక్కడ వంకరపోతుందో ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆదివారం ఏలూరులో దిగాను. సోమవారం పొద్దున్న అమ్మ జడ చుట్టింది. కైకలూరు బస్సెక్కాను.