రెండో టెంక

కుక్కకి ఇన్సూరెన్స్ అవసరమా అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మండడానికి కారణం మాత్రం ఈ ఏడాదిలో మారిపోయింది.

మా ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో పనిచేసి రిటైరయ్యారు. పర్మిట్ కాగితం చేతికి రాకుండా స్విచ్ మీద వేలు వెయ్యని ఉద్యోగం. ఆ జబ్బు ఇంటికీ అంటుకుంది. స్కూటర్‌కి పాలసీ, మా ఇద్దరి ఆరోగ్యానికి పాలసీ, ఫ్రిజ్‌కి అదనపు వారంటీ, ఆఖరికి మిక్సీ రసీదు కూడా ప్లాస్టిక్ కవర్లో భద్రం. రిటైరైన నెలకే ఒక లాబ్రడార్ పిల్లని తువ్వాల్లో చుట్టుకుని పటమటలో మా ఇంటికి తెచ్చారు. బడిలో లెక్కలు చెప్పీ చెప్పీ అలిసిపోయాను, ఇంకెవర్నీ పెంచే ఓపిక నాకు లేదన్నాను. వారం తిరక్కుండానే వాడు నా కుచ్చెళ్ళ మీద తల పెట్టుకుని నిద్రపోయాడు. ఆ తర్వాత వాడు మా ఆయన కుక్క అని ఎవరైనా అంటే నేనే దిద్దేదాన్ని.

వాడికి నాలుగేళ్ళు నిండిన ఏడు ఏప్రిల్ చివర్లో, ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి నేను కాఫీ తాగుతుంటే ఈయన బల్ల మీద కాగితాలు పరిచారు. కుక్కలకి ఇన్సూరెన్స్ అట.

"బాధ్యతగా పెంచేవాళ్ళు చేయించుకోవాలంట. ఇదిగో, ఇందులో రాశారు" అన్నారు.

"అంటే నాకు బాధ్యత లేదనేగా! వాడికి అన్నం కలిపేదెవరు? చెవుల్లో పిడుదులు ఏరేదెవరు? మీ కాగితమా?"

"నిన్నెవరన్నారు? రేపు ఏదన్నా జరిగితే..."

"జరిగితే నేను చూసుకుంటా. కాగితం ఉన్న ఇంట్లో మనుషులు చూడ్డం మానేస్తారు. మీకు తెలీదు, నాకు తెలుసు."

నాకు తెలుసన్నది ఊరికే నోటికొచ్చిన మాట కాదు. మాది చల్లపల్లి దగ్గర పల్లె. నాకు పదేళ్ళప్పుడు మా నాన్న ఒక మంచి గేదెని కొన్నాడు. దానికి ఇన్సూరెన్స్ చేయించారు, గుర్తుకి చెవికి ఇత్తడి బిళ్ళ కొట్టారు. గేదె చచ్చిపోతేనే ఆ ఇన్సూరెన్స్ డబ్బులిస్తారు, జబ్బు చేస్తే ఏమీ రాదు. ఒక వానాకాలం అది మేత మానేసింది. నెమరు వెయ్యడం మానేసింది. డాక్టర్ని పిలవమని అమ్మ అడిగితే నాన్న "చూద్దాంలే, బిళ్ళ ఉందిగా" అని అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. రెండు రోజులు అలాగే చూశాడు. మూడో రోజు పొద్దున అది లేవలేదు. బిళ్ళ చూపించకపోతే డబ్బులు రావని, ఆ చెవి కోసి అరిటాకులో చుట్టి నా చేతికిచ్చారు పట్టుకోమని. ఆఫీసరు వచ్చి, "ఎప్పట్నుంచి బాగోలేదు?" అని అడిగాడు.

"ఈ పొద్దున్నేనండీ" అన్నాడు మా నాన్న.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. అరిటాకు తడిసి నా వేళ్ళకి అంటుకుంటోంది. నాన్న నా వైపు చూడలేదు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ నేను ఆయన్ని ప్రేమించాను గానీ, ఆ మాట విషయంలో మాత్రం క్షమించలేదు.

అందుకే ఈయన కాగితాలు మడిచి ఆయన చేతిలోనే పెట్టాను. "మన ఇంట్లో జంతువుకి చెవిబిళ్ళ వద్దు" అన్నాను. ఆయన మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అనుకోవడం మా కాపురంలో నేను మళ్ళీ మళ్ళీ చేసే తప్పు. ఆ వారమే ఆయన నాకు చెప్పకుండా పాలసీ కట్టేశారు.

ఇక మే నెల. రోళ్ళు పగిలే రోహిణి కార్తె. మధ్యాహ్నం భోజనాలయ్యాక నూజివీడు నుంచి వచ్చిన చిన్న రసాలు బకెట్ నీళ్ళలో వేసుకుని కూర్చోవడం మా ఇంట్లో రోజూ ఉండేదే. రసం పిండుకుని తాగాక టెంక మిగులుతుంది. మా ఊళ్ళో టెంకని చెత్తలో పారెయ్యరు. దూడకో కుక్కకో వేస్తారు. అది పీచంతా చీకి తెల్లగా చేసి వదిలేస్తుంది. నేనూ వీడికి అలాగే వేసేదాన్ని, ఈయన కునుకు తీసేటప్పుడు. ఎందుకంటే కుక్కకి పెట్టకూడనివన్నీ ఈయన ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించారు. ద్రాక్ష, ఉల్లి, చాక్లెట్, మామిడి టెంక. వాక్సిన్ వేయించినప్పుడు డాక్టరమ్మ చెప్పిందట. "మా ఊరి కుక్కలన్నీ టెంకలు చీకే బతికాయి. మీ డాక్టరమ్మ ఏనాడైనా రసం తిందా?" అని నేను ఎగతాళి చేశాను.

ఆ రోజు రెండు టెంకలు వేశాను. సాయంత్రం వరండా ఊడుస్తుంటే ఒకటే కనపడింది. రెండోది కాకి ఎత్తుకుపోయిందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే అనుకోలేదు, అనుకోవాలని అనుకున్నాను. కుండీల వెనక వెతికాను, సోఫా కింద చీపురు పెట్టి గీకాను. లేదు. వాడు తోక ఊపుతూ నా వెనకాలే తిరిగాడు.

మర్నాడు పొద్దున వాడు అన్నం ముట్టలేదు. ఎండదెబ్బ అన్నాను. మజ్జిగ పోస్తే తాగాడు, తాగిందంతా కక్కాడు. సాయంత్రానికి నీళ్ళు కూడా నిలవలేదు. అప్పుడే చెప్పాల్సింది. ఫ్రిజ్ మీద ఆ కాగితం కనపడింది. దాని మీద ఈయన గుండ్రటి చేతిరాత. ఏమీ కాకపోతే చెప్పాల్సిన పనే ఉండదు కదా అనుకున్నాను.

మూడో రోజు పొద్దున వాడు లేచి నిలబడ్డాడు గానీ వీపు విల్లులా వంచి, ముందు కాళ్ళు చాపి మూలిగాడు. ఈయన ఆటో కోసం రోడ్డు మీదకి పరిగెత్తారు. కుక్క అనగానే ఇద్దరు ఆటోవాళ్ళు బేరం కూడా ఆడకుండా వెళ్ళిపోయారు. మూడో అతను దుప్పటి పరవమని ఎక్కించుకున్నాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఇంజను వేడి కాళ్ళకి కొడుతోంది. ముప్పై కిలోలున్న వాడి తల నా ఒళ్ళో. వాడి నాలుక ఎండిపోయి ఉంది.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. వాడి కడుపు నొక్కి చూస్తూ, "ఏమైనా మింగాడా అండీ?" అని అడిగింది.

"అబ్బే, లేదండీ. మా ఆవిడ చాలా జాగ్రత్త" అన్నారు ఈయన.

నన్ను తిట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఎక్స్‌రే తీశారు. ఆవిడ ఫిల్ముని వెలుతురికి పెట్టి చూసింది. "గ్యాస్ బాగా పట్టేసింది. కొన్ని వస్తువులు ఎక్స్‌రేలో సరిగ్గా కనపడవు. మీరే బాగా గుర్తు చేసుకోండి. ఏదన్నా మింగి ఉంటే ఆగకూడదు, కోసి తియ్యాల్సిందే, లేకపోతే పేగు చచ్చిపోతుంది. మింగలేదంటే మాత్రం ఇన్ఫెక్షన్ అనుకుని సెలైన్ ఎక్కించి చూద్దాం. ఊరికే కొయ్యడం కూడా ప్రమాదమే." ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆలోచించుకుని ఐదు నిమిషాల్లో చెప్పండి."

వరండాలోకి వచ్చాం. ఈయన ఫోన్ తీసి ఏదో వెతుకుతున్నారు. ఏంటని లాక్కుని చూస్తే పాలసీ. మా వాడి ఫోటో, వాడి వయసు, కింద ఈయన సంతకం.

"చెప్తే ఒప్పుకోవని చెప్పలేదు" అన్నారు తల దించుకుని. "మొదటి ముప్పై రోజుల్లో ఏం జరిగినా వర్తించదంట. ఎల్లుండికి నిండుతాయి. డాక్టరమ్మ సెలైన్‌తో చూద్దామనే అంటోందిగా. రెండు రోజులు చూద్దాం."

చూద్దాం! బెంచీ మీద పిల్లి బుట్టతో కూర్చున్నావిడ ఉలిక్కిపడి లేచేంత గట్టిగా అరిచాను. "ఇదే! దీనికే వద్దన్నాను. ఎల్లుండట, ఎల్లుండి! ఆ కాగితం లేకపోతే ఎల్లుండి అనే మాట మీ నోట వచ్చేదా? మా నాన్న కూడా ఇలాగే చూద్దాం అన్నాడు. చివరికి చెవి కోసి నా చేతికిచ్చాడు. మీరూ అంతే, మీరూ ఆ జాతే!"

ఆయన ముఖం పాలిపోయింది. ఫోన్ జేబులో పెట్టుకుని నెమ్మదిగా అన్నారు. "వాడు ఏదో మింగాడని తెలిస్తే ఎల్లుండి కాదు, ఎల్లుండి అన్న మాట కూడా ఎత్తను. మింగలేదు కాబట్టే ఆగుదామన్నాను. రోజంతా వాడితో ఉండేది నువ్వు. లోపల నువ్వేమీ అనలేదు. నీ మీద నమ్మకంతోనే కదా ఆగుదామంటున్నది?"

ఎప్పట్నుంచి బాగోలేదు అని అడిగితే ఈ పొద్దున్నే అన్న మనిషి ఈయన కాదు. ఆ మనిషి నేను. మా నాన్నకైనా ఒక బిళ్ళ ఉంది, నేను మాట పడకూడదన్న పట్టుదలతోనే రెండు రోజులు వాడి ప్రాణంతో ఆడుకున్నాను.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. వాడు బల్ల మీద పడుకుని ఉన్నాడు, ముందు కాలికి సెలైన్ సూది. నన్ను చూసి తోక ఒక్కసారి బల్లకేసి కొట్టాడు.

"టెంక మింగాడండీ. చిన్న రసం టెంక. నేనే వేశాను" అన్నాను.

"ఎప్పుడు?"

"మొన్న మధ్యాహ్నం."

డాక్టరమ్మ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. గ్లవ్స్ తీసుకుంటూ లోపలివాళ్ళని కేకేసి ఆపరేషన్‌కి సిద్ధం చెయ్యమంది. గుమ్మంలో నిలబడి ఈయన అంతా విన్నారు. జేబులోంచి పెన్ను తీసి, ఆపరేషన్ ఒప్పుదల కాగితం మీద సంతకం చేశారు. పర్మిట్ చదవకుండా ఆయన సంతకం పెట్టగా చూడడం నాకదే మొదటిసారి.

బయట బెంచీ మీద మా ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నారు ఆయన. ఫ్యాను తిరుగుతున్నా గాలి నిప్పులా ఉంది. ప్రార్థన చేసుకుందామని కళ్ళు మూసుకున్నాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఏమని అడగను? అబద్ధం నాది, శిక్ష వాడికి. వాడు పోతే నేను ఈ మనిషి మొహం ఎలా చూడాలి, ఆ ఇంట్లో ఆ వరండా ఎలా ఊడవాలి అన్నది తప్ప వేరే ఆలోచన రాలేదు. లోపల ఏదో గిన్నె చప్పుడైన ప్రతిసారీ ఇద్దరం ఒకేసారి తలెత్తేవాళ్ళం, మళ్ళీ దించుకునేవాళ్ళం.

దాదాపు రెండు గంటల తర్వాత తలుపు తీశారు. డాక్టరమ్మ ముందుగా స్టీలు ట్రే చూపించింది. అందులో నల్లబడిన టెంక, పీచు పీచుగా. "పేగులో కొంత ముక్క తియ్యాల్సొచ్చింది. ఇంకో పూట ఆగి ఉంటే మిగిలేవాడు కాదు. మూడు రోజులు గడిస్తే గానీ నేనేం చెప్పలేను" అంది.

ఆ మూడు రోజులూ ఈయన నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. టిఫిన్ తిన్నావా, తాళం వేశావా, అంతే. పొద్దుటా సాయంత్రం ఇద్దరం ఆటోలో వెళ్ళి వాడి పక్కన కూర్చునేవాళ్ళం. నాలుగో రోజు డాక్టరమ్మ పల్చటి గంజి పెట్టమంది. నా చేత్తో పెడితే వాడు నాకాడు. కక్కలేదు. అరగంట చూశాం, కక్కలేదు. అప్పుడు ఈయన జేబు రుమాలు తీసి నాకిచ్చారు. నేను ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకే తెలియదు.

ఇంటికి తెచ్చాక ఒక్కసారి మాత్రం అడిగారు. "నేనేమైనా అంటాననా చెప్పలేదు?"

"మీరేమీ అనరనే" అన్నాను. అది నిజం.

పాలసీ ఆ ఆపరేషన్‌కి పనికి రాలేదు. ముప్పై రోజులు నిండలేదు కాబట్టి ఈయన అడగను కూడా లేదు. ఇన్సూరెన్స్ తప్పా ఒప్పా అని ఇప్పుడు నన్నడిగితే, చేయించుకోండి, మంచిదే అంటాను. రేపు ఏదైనా వస్తే ఎల్లుండి కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు. కానీ అది చేయిస్తే బాధ్యత తీరిపోయిందని గానీ, చేయించకపోవడమే పెద్ద ప్రేమ అని గానీ ఎవరైనా అంటే మళ్ళీ ఒళ్ళు మండుతుంది. ఆ రెండో మాట అంటూ తిరిగింది నేనే.

ఈ ఏప్రిల్లో పాలసీ రెన్యువల్ కాగితం వచ్చింది. వాడు ఈయన కాళ్ళ దగ్గర పడుకుని ఉన్నాడు, పొట్ట మీద కుట్ల గీత ఉన్న చోట మాత్రం వెంట్రుకలు మళ్ళీ రాలేదు. గడిచిన ఏడాదిలో జంతువుకి ఏదైనా జబ్బు గానీ ప్రమాదం గానీ జరిగిందా అని అందులో ఒక ప్రశ్న. జరిగింది అని ఈయన రాశారు. దాని కింద కారణం రాయమని ఖాళీ ఉంది. అక్కడ ఈయన పెన్ను ఆగింది. నిజం రాస్తే ఏం మెలిక పెడతారో అని కాసేపు ఆలోచించి, కాగితం నా వైపు తిప్పి పెన్ను దాని మీద పెట్టారు.

నేను రాశాను. "మామిడి టెంక మింగాడు. వేసింది నేను. తెలిసీ రెండు రోజులు చెప్పలేదు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "ఆఖరి మాట వాళ్ళకి అక్కర్లేదు కదా" అన్నారు.

"వాళ్ళ కోసం రాయలేదులెండి" అన్నాను.