చిన్నమ్మ రెండుసార్లు మార్పించిన ఇంజను

మా చిన్నమ్మ పోయిందని ధర్మవరం నుంచి అమ్మ ఫోన్ చేసింది. అక్కను చూసి పోదామని పెనుకొండ నుంచి వచ్చిన మనిషి, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి మళ్ళీ లేవలేదట. "కాఫీ పెట్టి పిలిస్తినప్పా, పలకలే. అలిసిపోయిందేమో, పండుకోనీ అని గ్లాసు మీద మూత పెట్టి కూర్చుంటి" అని చెప్పి అమ్మ ఏడ్చింది. నేను హిందూపురంలో మా ఆఫీసు వరండాలో నిలబడి విన్నాను. పక్కనుంచి జనం వస్తూ పోతూనే ఉన్నారు. ఎవరికి చెప్పాలో తోచలేదు.

చిన్నమ్మ పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో నర్సుగా పనిచేసింది. పిల్లలకు టీకాలు వేయడం, గర్భిణులను చూసుకోవడం ఆమె పని. ఏడుపు మొదలుపెట్టబోయే పిల్లల గడ్డం పట్టుకుని "సూదిని చూడొద్దు, నన్ను చూడు" అనేది. చిన్నప్పుడు నేనూ అలా చూసినవాణ్ణే. ఆ ముఖం చూస్తుంటే సూది ఎప్పుడు దిగిందో తెలిసేది కాదు.

చిన్నాయన ధర్మవరంలో ఒక చీరల అంగడిలో పనిచేసేవాడు. మోటారు సైకిల్ మీద రోజూ పోయి వచ్చేవాడు. సాయంత్రం వీధి మలుపులో ఆ బండి శబ్దం వినబడగానే చిన్నమ్మ లేచి టీకి నీళ్ళు పెట్టేది. ఆయన గుండెపోటుతో పోయినప్పుడు వాళ్ళ అబ్బాయి ఇంకా బడిలో ఉన్నాడు. బండి మీద దుప్పటి కప్పి గోడవారగా నిలబెట్టారు. కొన్ని నెలలకు ఒక ఆదివారం చిన్నమ్మ చర్చి నుంచి వచ్చి, ఆ దుప్పటి తీసి మడతపెట్టి నాతో అంది: "నాకు నేర్పియ్యబ్బా. ఆటోల కోసం రోడ్డు మీద నిలబడి నిలబడి కాళ్ళు పోతాండాయి."

కొండ కింద మైదానంలో నేర్పాను. ఆమె రెండు మోకాళ్ళూ దోక్కుపోయాయి. అయినా వదల్లేదు. బండి కోసం చీర మాని చుడీదారు వేసుకుంది, పైన చిన్నాయన చొక్కా తొడుక్కుంది. "ఏమప్పా, మీ చిన్నమ్మ మొగోళ్ళ బండి తోలుతాండాదే" అని జనం నన్ను అడిగేవాళ్ళు. ఆమెను అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఏళ్ళు గడిచేసరికి బండి పొగ కక్కడం మొదలుపెట్టింది. కొండదారిలో గట్టు ఎక్కాలంటే ఆమె దిగి తోయాల్సి వచ్చేది. అప్పటికి వాళ్ళ అబ్బాయికి హిందూపురంలోనే ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. వాళ్ళమ్మను షోరూముకు తీసుకొచ్చాడు, నన్నూ రమ్మన్నాడు. కొత్త స్కూటర్ ఎక్కి కూర్చుంటే చిన్నమ్మ ముఖం వెలిగింది. "ఎంత మెత్తగా ఉండాదిరా సీటు! గేర్లే లేవు!" అని మురిసిపోయింది. నచ్చలేదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది.

"పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయండి మేడం" అన్నాడు సేల్స్ కుర్రాడు.

"ఇస్తే అది యాడికి పోతాది?"

"ఇంత పాతది ఎవరు కొంటారు మేడం? తుక్కులోకే."

ఆమె నెమ్మదిగా దిగి, తను కూర్చున్న చోట చున్నీ కొంగుతో తుడిచి, "పాండ్రా, కాఫీ తాగుదాం" అంటూ బయటికి వచ్చేసింది. కొడుకు షోరూము వాళ్ళిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ధర్మవరంలో చిన్నాయన స్నేహితుడు ఒక మెకానిక్ ఉన్నాడు. అరిగిపోయిన సిలిండరుకు బోరింగ్ చేయిస్తే పాత ఇంజను నడుస్తుంది గానీ గట్లు ఎక్కడం కష్టమన్నాడు. అదే కంపెనీది కాస్త పెద్ద ఇంజను దొరికితే ఈ బండికే బిగిస్తానన్నాడు. "అట్లే చెయ్యన్నా. బండి మాత్రం ఇదే ఉండాల" అంది చిన్నమ్మ. ఆర్టీఓ ఆఫీసులో బండి కాగితాలు కూడా మార్పించుకుంది.

బిగించిన రోజు నేనూ వెళ్ళాను. మెకానిక్ స్టార్ట్ చేశాడు. బండి గట్టిగా, నిండుగా పలికింది. చిన్నమ్మ తల పక్కకు వంచి ఆ శబ్దం వింది.

"ఏం చిన్నమ్మా, బాగలేదా?"

"బాగుండాది. గట్టెక్కుతాది." సీటు మీద చెయ్యి వేసి అంది: "ఎవరి బండో వస్తాండేట్టుండాదిరా."

ఆ ఇంజను ఆమెకు ఎంత అక్కరకొచ్చిందో చెప్పకపోతే తప్పు. ఒక వానాకాలం, నొప్పులు పడుతున్న అమ్మాయి కోసం గట్టు మీది తండాకు ఆటో రాలేదు. చిన్నమ్మ ఆ అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుంది. ఆ వెనక ఆశా వర్కరు పట్టుకుని కూర్చుంది. ముగ్గురూ బురదలో పెనుకొండ ఆసుపత్రికి చేరారు. ఆడపిల్ల పుట్టింది. "పాత ఇంజనయితే వాగు కాడే నిలిచిపోయిండేది" అని ఆ కథ చెప్పినప్పుడల్లా బండి ట్యాంకు మీద తట్టేది.

రిటైరయ్యాక ఇల్లు ఖాళీ అయింది. కొడుకు హిందూపురం రమ్మన్నా పోలేదు. మంచం కింద గోనెసంచిలో దాచిన పాత ఇంజన్ని బయటికి తీసింది. మెకానిక్ నెత్తి పట్టుకున్నాడు. "ఏమక్కా, అందరూ పాతది తీసి కొత్తది పెట్టుకుంటాంటే నువ్వు తిరగేసి చేస్తాండావు!"

"డ్యూటీకి అది కావాల్సొచ్చె. డ్యూటీ అయిపోయింది గదన్నా."

బోరింగ్ చేయించి పాతదాన్నే పెట్టించింది. తర్వాత ఒక సాయంత్రం నేను వెళ్తే తాళం నా చేతిలో పెట్టింది. "అంగడి దాకా పోయి రా అబ్బా. నేను లోపలుంటా" అంది. ఏమైనా తేవాలా అంటే ఏమీ వద్దంది. ఒక చుట్టు తిరిగి వీధి మలుపు దాటి ఇంటి ముందు ఆపాను. లోపలికి వెళ్ళేసరికి పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఆమె నావైపు తిరగలేదు. నేను గడప దగ్గరే నిలబడ్డాను. టీ పొడి వేసి, రెండు గ్లాసులు తీసి పక్కపక్కన పెట్టింది.

ఆ పూట ఇద్దరం టీ తాగాం. మనిషి లేని చోట ఎలా బతకాలో ఆమె ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం ఆ సాయంత్రం అందులో కాస్త చూపించింది. అందుకు ఆమెకు రుణపడి ఉంటాను.

సమాధి కార్యక్రమం పెనుకొండలో అయింది. ఆమె చేతిసంచి అమ్మ నాకిస్తే అందులో బండి తాళం ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ధర్మవరం పోయేటప్పుడు బండిని పెనుకొండ స్టేషన్ దగ్గరి స్టాండులో పెట్టి రైలెక్కి ఉంటుందని. చిన్నమ్మ కొడుకూ, అదే మా తమ్ముడూ, నేనూ వెళ్ళాం. స్టాండు మనిషి బండిని గుర్తుపట్టి "అమ్మ రాలేదా?" అన్నాడు. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"నేను తోలుతా, వెనక కూర్చో" అన్నాను.

"వద్దులేన్నా, ఇంటికి నేనే తీసుకపోవాల. నాకు గేర్లు రావు. నాయన నేర్పిస్తానన్నాడు, అంతలోనే పాయె." స్టాండు తీసి, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకున్నాడు. "నడిపించుకోని పోతా. నువ్వు పద."

నేను అక్కడే ఉండిపోయాను. ధర్మవరం వైపు నుంచి రైలొచ్చింది. దిగినవాళ్ళు ఎవరి బండి వాళ్ళు తీసుకుని హారన్లు కొడుతూ అతన్ని దాటిపోతున్నారు. అతను రోడ్డు అంచుకు జరిగాడు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి ఖాళీ సీటు మీద వేసి, ఎత్తుపల్లాలు చూసుకుంటూ, పెద్దవాళ్ళను నడిపించుకుపోయినట్టు మెల్లగా ఊరివైపు పోతున్నాడు.