బ్రాకెన్‌షా మైదానంలో టీ ఖరీదు

బస్సు నడిపినన్నాళ్లూ హారన్ కొట్టని మనిషని బ్రాకెన్‌షాలో క్లిఫర్డ్ ఎంట్‌విజిల్‌కి పేరు. గొర్రెల మంద అడ్డం వస్తే ఇంజను ఆపి కూర్చునేవాడే తప్ప అదిలించేవాడు కాదు. అతని నోరు లేచేది శనివారం మధ్యాహ్నాలే. ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆడుతుంటే తూర్పు గ్యాలరీలో, పైకప్పు కారే చోటనే ఏరికోరి నిలబడి, రిఫరీ దగ్గర మొదలుపెట్టి తన జట్టు గోల్‌కీపర్ దాకా ఒక్కర్నీ వదలకుండా తిట్టేవాడు. అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది మాత్రం నోరా కాచే టీ. మైదానంలో టీ కొట్టు ఆవిడదే. గిన్నెలు కడిగిన నీళ్లు ఇంతకంటే చిక్కగా ఉంటాయని అతను ఆవిడ మొహం మీదే అనేవాడు.

"తాగు నాయనా," అనేది నోరా. "తాగి పోయినవాళ్లెవరూ ఇంతవరకూ ఫిర్యాదు చెయ్యలేదు."

ఆ ఏడు చలికాలంలో, పోటీలు నడిపే లీగు వాళ్లు బ్రాకెన్‌షాకి ఆరు పాయింట్లు కోసేశారు. సంపాదనకు మించి ఖర్చు పెట్టారన్నది నేరం. క్లబ్బు యజమాని పెంకుల ఫ్యాక్టరీ ఆసామి. లోటు తన జేబులోంచి పూడుస్తానన్నాడు. అలా ఇచ్చింది ఆదాయం కిందికి రాదన్నారు. అభిమానులు చందాలు పోగేస్తామన్నారు. అదీ రాదన్నారు. పక్క నగరంలో ఉన్న పెద్ద క్లబ్బు మాత్రం తన కార్ల షెడ్డును యజమాని బావమరిదికి అమ్మి, అతని దగ్గరే మళ్లీ అద్దెకు తీసుకుని, వచ్చిందంతా ఆదాయంగా చూపించింది. అది నిబంధనల ప్రకారమే ఉందట.

పబ్బులో అభిమానుల సమావేశం పెట్టారు. టిక్కెట్లు కాక, మైదానంలో అమ్మిన సరుకు మీద వచ్చిందే లెక్కలోకి వస్తుందని తేలింది. క్లబ్బు మఫ్లర్లు అప్పటికే ఇంటికి నాలుగేసి ఉన్నాయి. ఇంకేముంది అమ్మడానికి అని అందరూ తలలు పట్టుకుంటే, వెనకనుంచి క్లిఫర్డ్ "టీ తాగుదాం" అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు. పబ్బంతా తిరిగి చూసింది. ఆ టీ గురించి అతనేమనేవాడో తెలియనివాళ్లు అక్కడ లేరు.

మరుసటి శనివారానికల్లా క్లబ్బు ఆ టీ ధరని హోటల్లో భోజనం ధరంత చేసింది. జనం కిక్కురుమనకుండా కొన్నారు. కొని పారబోయడం దొంగతనంలా ఉంటుందని తాగేశారు కూడా. అందరికంటే ముందు క్లిఫర్డ్. ఆదివారం చర్చిలో ప్రసంగం నడుస్తుండగా అతను లేచి బయటికి వెళ్లి రావడం, మళ్లీ లేవడం చూసి, మనిషికి దేవుడి మీద ఏదో అనుమానం పుట్టిందని పాస్టరు కంగారుపడ్డాడు.

మైదానంలో మరుగుదొడ్ల ముందు వరస గేటు దాకా సాగింది. ఆ సీజనులో జట్టు వేసిన అతి గొప్ప గోలు జనమంతా ఆ వరసలో ఉండగానే పడింది. గోలు వేసిన కుర్రాడు చేతులు చాచి తూర్పు గ్యాలరీకి పరిగెత్తుకొచ్చి చూస్తే, అక్కడ ఖాళీ కప్పులు తప్ప మనుషుల్లేరు. పాపం, కాసేపు అలాగే నిలబడి, వాటికే చెయ్యూపి వెళ్లాడు.

టీ ఆదాయం ఇంతలా పెరిగేసరికి లీగు వాళ్లకి అనుమానం వచ్చింది. ఏ సరుకైనా బజార్లో పలికే న్యాయమైన ధరకే అమ్మాలని ఇంకో నిబంధన ఉంది. విచారణకి ప్రిడో అనే అధికారి వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉండే మనిషి. చుట్టుపక్కల టీ కొట్లన్నీ తిరిగి తాగి వచ్చానన్నాడు, ఆ సంగతి అతని మొహంలోనే తెలుస్తోంది. అందరికంటే ఎక్కువ కొన్నవాడిని సాక్ష్యానికి పిలవమన్నాడు.

క్లిఫర్డ్ భార్య మ్యూరియల్‌కి ఫుట్‌బాల్ అంటే గిట్టదు. అయినా చొక్కా ఇస్త్రీ చేసి పెడుతూ చెప్పింది: "నీకు అబద్ధమాడటం చేతకాదు. ఏదడిగినా దగ్గు. దగ్గుతూనే ఉండు."

క్లిఫర్డ్ మొదట దగ్గాడు. ప్రిడో మంచినీళ్లు తెప్పించాడు. తాగాక ఇక దగ్గడానికి మొహం చెల్లలేదు.

"ఎంట్‌విజిల్ గారూ, ఈ టీకి అంత ధర తగునంటారా?"

గుమ్మం దగ్గర నోరా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. క్లిఫర్డ్ ఆవిడ వైపు చూసి, తల దించుకున్నాడు.

"తగదండీ. ఊరికే ఇచ్చినా తగదు."

"మరెందుకు కొన్నారు?"

"మా ఆట చూశారా మీరు?" అన్నాడు క్లిఫర్డ్. "అదీ టిక్కెట్టు ధరకి తగదు. బజార్లో పెడితే ఎవడూ కొనడు. అయినా మా నాన్న కొన్నాడు, నేనూ కొంటున్నాను. తగినదే కొనాలంటే మాకిక్కడ పనేముందండీ?"

క్లబ్బు చైర్మన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ప్రిడో కూడా కదిలిపోయినట్టే ఉన్నాడు. బయటికి వెళ్తూ క్లిఫర్డ్ చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు.

పది రోజులకి తీర్పు వచ్చింది. టీ మీద వచ్చిన ఆదాయం చెల్లదు. పైగా, ఆట కూడా ధరకు తగదని సాక్షే ఒప్పుకున్నాడు కాబట్టి, టిక్కెట్ల ఆదాయంలో సగం చెల్లదు. ఇంకో నాలుగు పాయింట్లు కోత.

క్లబ్బు పట్నం నుంచి పెద్ద లాయరుని పెట్టి అప్పీలు చేసి నెగ్గింది. ఆ నాలుగూ తిరిగొచ్చాయి. లాయరు ఫీజుతో ఖర్చు మళ్లీ హద్దు దాటిందని అయిదు కోశారు. జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది.

క్లిఫర్డ్ కొన్నాళ్లు రొట్టెల కొట్టుకి వెళ్లడం కూడా మానేశాడు. ఊళ్లో కొందరు అతన్ని చూసి దగ్గేవాళ్లు. నోరా మాత్రం ఒకరోజు తనే ఇంటికొచ్చింది. టీ సంగతి అందరికీ తెలిసిందే, ఆట గురించి పైవాళ్ల ముందు అలా అనేసిందే తనకి కష్టంగా ఉందని చెప్పింది. అతను క్షమించమన్నాడు. ఆవిడ క్షమించలేదు గానీ, మ్యూరియల్ పెట్టిన కేకు రెండు ముక్కలు తిని వెళ్లింది.

కొత్త సీజను మొదటి ఆట కొండల అవతల ఒక చిన్న ఊళ్లో. మైదానం పక్క పొలంలో ఆవులు మేస్తున్నాయి. క్లిఫర్డ్ వెళ్లాలా వద్దా అని గుమ్మంలో తచ్చాడుతుంటే, మ్యూరియల్ కోటు వేసుకుని గొడుగు తీసుకుంది. నువ్వెక్కడికని అడిగాడు.

"వాళ్లు నీ మీద దగ్గితే తిరిగి దగ్గడానికి ఒకరుండాలి కదా," అంది.

అక్కడ జనం నిండా వందమంది లేరు. ఎవరూ దగ్గలేదు. వాన పడుతూనే ఉంది. బంతి రెండుసార్లు ఆవుల్లోకి వెళ్లింది, రెండోసారి తేవడానికి ఆట ఆగింది. బ్రాకెన్‌షా మూడు గోల్స్ తేడాతో ఓడిపోయింది. ఆట సగంలో ఉండగా క్లిఫర్డ్ పక్కకి తిరిగి చూస్తే మ్యూరియల్ గొడుగు మడిచి ఊపుతూ, పేరు కూడా తెలియని ఆ రిఫరీకి కళ్లున్నాయా అని అడుగుతోంది.