ఇంటికి ఒకటే ఈమెయిల్

మా ఇంట్లో ఈమెయిల్ ఒకటే ఉండేది. ఇంటికి ఒక రేషన్ కార్డు, ఒక గ్యాస్ కనెక్షన్, ఒక డోర్ నంబరు ఉన్నట్టే ఈమెయిల్ కూడా ఒకటే ఉంటుందని మా నాన్న నమ్మకం. నేను డిగ్రీలో చేరిన ఏడాది కంచరపాలెం రైల్వే గేటు దగ్గర నెట్ సెంటర్‌కి నన్ను తీసుకెళ్ళి, దగ్గర కూర్చుని తీయించాడు. ఇంటికి రాగానే ఆ అడ్రసునీ పాస్‌వర్డునీ పెద్ద బైబిలు మొదటి పేజీలో రాశాడు. అదే పేజీలో అమ్మానాన్నల పెళ్ళి తేదీ, నేను పుట్టిన తేదీ, నా బాప్తిస్మం తేదీ ఉన్నాయి. వాటి కింద ఇది. పాస్‌వర్డు ఎక్కడా రాసిపెట్టకూడదని నెట్ సెంటరాయన చెప్పిన మాట గుర్తుచేశాను. దేవుడి పుస్తకం తెరిచి చదివే దొంగ ఉంటే వాడు దొంగే కాదన్నాడు నాన్న.

ఆ ఒక్క అడ్రసుతోనే ఇల్లంతా నడిచింది. నా హాల్ టికెట్లు, నాన్న పెన్షన్ కాగితాలు, కరెంటు బిల్లులు, చివరి ఏడాది అమ్మ ఆస్పత్రి రిపోర్టులు, అన్నీ అందులోకే వచ్చేవి. నా పెళ్ళి కూడా దాంతోనే అయింది. మా క్రైస్తవ కుటుంబాలకు సంబంధాలు చూపించే వెబ్‌సైటొకటి ఉంటే, అందులో నా పేరుతో, అదే పాస్‌వర్డుతో అకౌంటు తెరిచారు. వచ్చిన ఫొటోలన్నీ అమ్మే చూసేది. ఒక ఫొటో దగ్గర ఆగి, "ఈ అబ్బాయి సెవులు పెద్దయి. సెప్పింది ఇంటాడు" అంది. వింటాడు, నిజమే. చెయ్యడం వేరే సంగతి.

పెళ్ళయ్యాక మేమిద్దరం మధురవాడలో అపార్ట్‌మెంటుకి మారాం. ఆ వెబ్‌సైటులో నా అకౌంటు మాత్రం అలాగే ఉండిపోయింది. పెళ్ళి పందిరి పీకించడం ఎవరికైనా గుర్తుంటుంది గానీ, అకౌంటు పీకించడం ఎవరికి గుర్తుంటుంది? నాకు ఆఫీసు మెయిల్ వచ్చాక ఇంటి మెయిల్ తెరవడం కూడా మానేశాను. నా ఉద్యోగం కస్టమర్ల ఫిర్యాదులకు జవాబులు రాయడం. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని రోజుకి ఎన్నిసార్లు రాస్తానో నాకే తెలియదు. చింతించిన రోజు ఒక్కటీ లేదు.

అమ్మ పోయిన నాలుగో ఏడు అది. ఆదివారం ఆరాధన అయ్యాక నేను కంచరపాలెం వెళ్ళి నాన్నతో భోంచేసేదాన్ని. వంట ఆయనే చేసేవాడు. పోర్టులో ముప్ఫయ్యేళ్ళు క్రేన్ నడిపిన మనిషి కాబట్టి గరిటె కూడా అలాగే, తొందరపడకుండా పైకెత్తి, కాసేపు చూసి, దించేవాడు. ఆ రోజు చేపల పులుసు. నాకు తలకాయ ముక్క వేస్తూ అడిగాడు.

"నీ పెళ్ళి కుదిరిన ఆ సైటు ఇంకా ఉందేటి?"

"ఉంటుంది నాన్నా. ఎవరికి?"

"అందులో ఓ అకౌంటు తెరుద్దావనుకుంతన్నాను."

"అదే, ఎవరికి?"

"నాకే."

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను అరవను. మరీ మర్యాదగా మాట్లాడతాను. పులుసు చాలా బాగుందని చెప్పాను. తిన్నాక ఫోన్ తీసి ఆ వెబ్‌సైటు తెరిచాను. ఇంటి అడ్రసు కొట్టగానే, ఈ అడ్రసుతో ఇప్పటికే ఒక అకౌంటు ఉందని వచ్చింది. ఆ అకౌంటు నాది.

"ఇంకో ఈమెయిల్ తీద్దాం. రెండు నిమిషాల పని" అన్నాను.

నాన్న ఒప్పుకోలేదు. "రెండోది ఎందుకమ్మా? దొంగసాటుగా సేత్తన్నానేటి? మనింటి మెయిల్‌కే రానీ. నీకూ తెలవాలి కదా."

అందుకని నా పాత అకౌంటు తీసేశాను. ఎందుకు తీసేస్తున్నారని వెబ్‌సైటు అడిగింది. పెళ్ళయిందని పెట్టమన్నాడు నాన్న, నిజమే కదా అని. పెట్టాను. అప్పుడు ఇంకో కబురు వచ్చింది. తొంభై రోజులయ్యాక వివరాలన్నీ పూర్తిగా పోతాయి, అప్పటిదాకా ఈ అడ్రసుతో కొత్త అకౌంటు తెరవడం కుదరదు, ఈలోగా లాగిన్ అయితే పాత అకౌంటే మళ్ళీ మొదలవుతుంది. చదివి వినిపించాను. నాన్న ఏమీ నొచ్చుకోలేదు. సరుకుతో వచ్చిన ఓడలు పోర్టులో బెర్తు దొరికేదాకా బయట సముద్రంలో లంగరేసుకుని ఉండేవి, అంతే కదా అన్నాడు. చర్చి క్యాలెండరులో తొంభయ్యో రోజు చుట్టూ పెన్నుతో గీశాడు.

ఆ తొంభై రోజులూ ఆయన ఊరికే కూర్చోలేదు. ఒక ఆదివారం వెళ్ళేసరికి స్టూడియోలో దిగిన కొత్త ఫొటో ఉంది. ఇంకో ఆదివారం, తన గురించి రాసుకున్న కాగితం చూపించాడు. వంట వచ్చు, సిగరెట్టు లేదు, ఒక కూతురు, మంచిది. ఆ 'మంచిది' దగ్గర నేను తల తిప్పుకున్నాను. రావలసిన ఆవిడ గురించి రెండే ముక్కలు రాశాడు. బీపీ ఉన్నా పర్వాలేదు. మాట్లాడే మనిషి అయ్యుండాలి.

గడువు ఇక వారం ఉందనగా బీరువాలో ఒక అర ఖాళీ చేశాడు. అమ్మ చీరల అర. చీరలన్నీ మడతలు చెడకుండా రెండు సంచుల్లో పెట్టి, "ఈ సీరలు నువ్వట్టుకెళ్తావా అమ్మా?" అన్నాడు. పట్టుకెళ్ళాను. బస్సులో ఆ సంచులు ఒళ్ళో పెట్టుకుని మధురవాడ దాకా ఒక్క ఆలోచనే చేశాను, ఆయన్ని ఎలా ఆపాలా అని.

మర్నాడు ఆఫీసులో లంచ్ టైములో ఆ వెబ్‌సైటు తెరిచి, ఇంటి అడ్రసుతో లాగిన్ అయ్యాను. పెళ్ళికూతురిగా నా పాత అకౌంటు లేచి కూర్చుంది. వెంటనే మళ్ళీ తీసేశాను. లెక్క మళ్ళీ తొంభై దగ్గర మొదలైంది. ఇంత సులువుగా చేయగలిగే తప్పు అంతకుముందు నాకు దొరకలేదు.

ఆదివారం నాన్నతో సర్వర్‌లో ఏదో సమస్యట అన్నాను. అసౌకర్యానికి చింతిస్తున్నారట అని కూడా అన్నాను.

"మళ్ళీ తొంభయ్యా?"

"మళ్ళీ తొంభై."

"సర్లే" అన్నాడు. కొత్త తేదీ చుట్టూ గీశాడు.

ఆ మూడు నెలలూ గడిచాక, రెండ్రోజుల్లో గడువనగా మళ్ళీ అదే పని చేశాను. నెపం కూడా కొత్తగా వెతుక్కోలేదు, మళ్ళీ సర్వర్ మీదే పెట్టాను. నాన్న మూడో తేదీ చుట్టూ గీశాడు.

తర్వాత కొన్ని వారాలకు, ఒక ఆదివారం కంచం ముందు కూర్చున్నాక, అన్నం వడ్డిస్తూ మామూలుగా అన్నాడు.

"ఆ సైటోళ్ళు నీకు పెళ్ళికొడుకుల్ని పంపుతన్నారమ్మా."

"నాకా?"

"మెయిలొచ్చింది. 'మళ్ళీ వచ్చినందుకు సంతోషం, మీ కోసం ఇరవైమంది వరులు ఉన్నారు' అని. రెండుసార్లొచ్చింది. రోజూ పొద్దున్న టీ తాగుతా మెయిల్ సూత్తాను కదా."

ఇంటి అడ్రసుతో లాగిన్ అయితే ఆ కబురు ఇంటికే వెళ్తుందన్న సంగతి, మెయిళ్ళు రాసి బతికే నాకు ఆర్నెల్లలో ఒక్కసారీ తట్టలేదు. నాన్న చెప్పుకుపోయాడు.

"మొదటిసారి సూసి బయపడ్డాను. నీకూ అల్లుడికీ ఏదో తేడా వచ్చిందనుకున్నాను. అల్లుడికి ఫోన్ సేసి మాటాడాను. ఆడు బానే ఉన్నాడు, మీ ఇంట్లో ఊడిన బీరువా తలుపు బిగిత్తానన్నాడు."

"తర్వాత?"

"తర్వాత అర్తవైంది. ఆ పాస్‌వర్డు తెలిసినోళ్ళం ఇద్దరవే కదా."

"మరి నన్ను అడగలేదేం నాన్నా?"

"అడిగితే మానేద్దువు. మానెయ్యడం ఏరు, ఒప్పుకోడం ఏరు. నీకింకా టైం కావాలనుకున్నాను." చేపముక్క ముళ్ళు తీసి నా కంచంలో పెట్టాడు. "ఇప్పుడైనా నాను ఆగుతాను. కాపోతే నాకు అరవై నాలుగొచ్చీసాయి. పొద్దున్న లేసిన కాణ్ణుంచి ఎవరితోటీ మాట లేదమ్మా. అంతే."

నేను ఏడ్చాను. నా మీద సిగ్గుతో ఏడ్చాను, అమ్మ కోసం కూడా ఏడ్చాను. అమ్మ పోయిన రోజు వచ్చినవాళ్ళకి టీలు అందించడంలో పడి ఏడవలేదు. నాన్న ఊరుకోమని అనలేదు. మజ్జిగ తెచ్చి పెట్టి, పక్కన కూర్చున్నాడు.

చెయ్యి కడుక్కుని ఇంటి మెయిల్ తెరిచాను. ఆ వెబ్‌సైటు వాళ్ళకి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో అటువైపు నుంచి రాయడం అదే మొదలు. నా అకౌంటు గడువు చూడకుండా ఇవాళే పూర్తిగా తీసేయండి, ఈ అడ్రసు మా నాన్నగారికి కావాలి, ఆలస్యం జరిగింది నా వల్లే అని రాశాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివాడు. ఒకటి తక్కువైందన్నాడు.

"మీ అమ్మ పోయి నాలుగేళ్ళయిందని కూడా రాయి. లేపోతే తొందరపడిపోతన్నాడనుకుంటారు."

అది కూడా రాశాను. ఆ ఒక్క వాక్యానికి నాకు చాలాసేపు పట్టింది.